ఊళ్లు మారిన ఆటలు

పాఠ్యాంశ పరిచయం

ఒక తరంలో ఊరంతా ఆడిన ఆట మరొక తరానికి ఆ ఊళ్లోనే కనుమరుగు కావచ్చు. అదే ఆట వందల మైళ్ల దూరంలో మరొక ఊళ్లో వేళ్లూనుకోవచ్చు. యువకులు జట్లుగా ఆడే కబడ్డీ, ఫుట్‌బాల్, హాకీ, బాల్ బ్యాడ్మింటన్, క్రికెట్ వంటి ఆటల ఆదరణ మన దేశంలో ప్రాంతాన్ని బట్టి, కాలాన్ని బట్టి ఎలా మారిందో, అందుకు కారణాలేమిటో ఈ పాఠంలో తెలుసుకొందాం.

ఒకే ఆట – ఎన్నో పేర్లు

సాయంత్రం బడి గంట మోగుతుంది. పుస్తకాల సంచులు చెట్టు మొదట్లో కుప్పగా పడతాయి. ఒకడు కాలి మడమతో నేల మీద గీత గీస్తాడు. పిల్లలు రెండు జట్లుగా విడిపోతారు. ఒకడు గీతను తాకి, 'చెడుగుడు చెడుగుడు' అంటూ ఒకే ఊపిరిలో కూత పెడుతూ అవతలి బరిలోకి దూకుతాడు. అవతలి జట్టు వారు చేతులు పట్టుకొని వలయంగా కదులుతారు. ఊపిరి ఆగేలోపల అతడు ఎవరినైనా తాకి, గీత దాటి తిరిగి రావాలి. రాలేకపోతే అవుట్.

ఈ ఆట శ్రీకాకుళం పల్లెల్లో ఉంది. సరిహద్దుకు అవతల పర్లాకిమిడిలోనూ ఉంది. హోసూరు, బళ్లారి, షోలాపూరు, యానాంలలోని పిల్లలకూ ఇది కొత్తది కాదు. పేర్లు మాత్రం వేరు. తెలుగువారి చెడుగుడును తమిళులు 'సడుగుడు' అన్నారు. మహారాష్ట్రలో అది 'హుతుతు' అయింది. బెంగాల్‌లో 'హడుడు' అయింది. ఉత్తరాదిన 'కబడ్డీ' అన్నారు. ఆడే పద్ధతిలోనూ తేడాలు ఉండేవి. ఒక పద్ధతిలో అవుటైనవాడు తన జట్టువారు ఎదుటివారిని అవుట్ చేసినప్పుడు మళ్లీ బరిలోకి వచ్చేవాడు. దానికి 'సంజీవని' అని పేరు. మరొక పద్ధతిలో ఒకసారి అవుటైనవాడు జట్టంతా అవుటయ్యే వరకు బయటే ఉండాలి. దానిని 'గామినీ' అనేవారు.

ఒక ఆట ఒకచోట వృద్ధి పొంది మరొకచోట క్షీణించినప్పుడు పెద్దలు కొందరు, "ఆ ఆట ఆ ప్రాంతం వారి రక్తంలోనే ఉంది" అంటారు. ఈ మాట వినడానికి సొంపుగానే ఉంటుంది. కాని రక్తంలోనే ఉన్న ఆట నలభై, యాభై ఏళ్లలో ఆ ప్రాంతాన్ని విడిచి ఎలా పోతుంది? అంతవరకు దానిని ఎరుగనివారికి ఎలా వస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే కొన్ని ఆటల చరిత్రను చూడాలి.

మట్టి బరి నుండి మ్యాట్ మీదకు

కబడ్డీకి ఒక క్రమపద్ధతి ఏర్పడటంలో మహారాష్ట్ర ముందు నిలిచింది. ఊరికొక తీరుగా ఉన్న ఆటను ఒక దారికి తేవాలని అక్కడి వ్యాయామశాలల వారు ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాల్లోనే పూనుకొన్నారు. 1936లో బెర్లిన్‌లో ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలికి చెందిన యువకులు అక్కడ కబడ్డీ ఆడి చూపించారు. ఈ మండలి విదర్భలోని అమరావతిలో ఉంది. ఇది కృష్ణా తీరంలోని అమరావతి కాదు.

బొంబాయిలో బట్టల మిల్లులు ఉన్న లాల్‌బాగ్, పరేల్, వర్లీ ప్రాంతాలను 'గిరణ్‌గావ్' అనేవారు. మరాఠీలో 'గిరణి' అంటే మిల్లు. కొంకణ తీరం నుండి, మహారాష్ట్ర పల్లెల నుండి వచ్చిన కార్మికులతో పాటు తెలంగాణ నుండి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు కూడా అక్కడ బతికాయి. ఇరుకు గదుల్లో కాపురం, మిల్లులో మోత, వేళ మార్చి వేళ పని. ఆ శ్రమ జీవుల పేటలు కబడ్డీకి పెట్టని కోటలయ్యాయి. ఖర్చు లేని ఆట, కొద్దిపాటి జాగా చాలు. సందుకొక సంఘం, సంఘానికొక జట్టు ఉండేవి. బాగా ఆడేవారికి మిల్లులు, రైల్వేలు, బ్యాంకులు పని ఇచ్చేవి.

1982 జనవరిలో ఆ మిల్లుల కార్మికులు సమ్మె ప్రారంభించారు. సుమారు రెండున్నర లక్షల మంది పనికి దూరమయ్యారు. ఆ తరువాతి సంవత్సరాల్లో మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. పొగగొట్టాలు లేచిన చోట ఎత్తైన మేడలు లేచాయి. కార్మికులు చెదిరిపోయారు. పేట చెదిరినప్పుడు పేటలోని ఆట కూడా బలం కోల్పోయింది.

అదే కాలంలో కబడ్డీ బయటి ప్రపంచంలోకి అడుగు పెట్టింది. 1990లో బీజింగ్‌లో జరిగిన ఆసియా క్రీడల్లో దానికి తొలిసారి పతకాల పోటీగా స్థానం లభించింది. భారత జట్టు బంగారు పతకం గెలిచింది. అప్పటి నుండి కబడ్డీ ఆడేవాడికి పతకం, దానితోపాటు ఉద్యోగం దక్కే అవకాశం ఏర్పడింది. హర్యానా ప్రభుత్వం పతకాలు తెచ్చినవారికి ఉద్యోగాలు, నగదు బహుమతులు ఇచ్చి ప్రోత్సహించింది. ఆ రాష్ట్రపు పల్లెల నుండి యువకులు బారులు తీరి వచ్చారు. కొన్నేళ్లకే హర్యానా కబడ్డీలో అగ్రస్థానానికి చేరుకొంది.

2014లో ప్రో కబడ్డీ లీగ్ ప్రారంభమైంది. మట్టిలో ఆడిన ఆట రంగు దీపాల కింద మ్యాట్ మీదకు వచ్చింది. ఉత్త కాళ్లకు బదులు బూట్లు వచ్చాయి. కూతకు వెళ్లినవారు ముప్పై సెకన్లలో తిరిగి రావాలనే నియమం వల్ల ఆట వేగం పెరిగింది. తెలుగువారి పేరుతోనూ 'తెలుగు టైటన్స్' అనే జట్టు వెలసింది. తొలి సంవత్సరాల్లో ఆ జట్టుకు పేరు తెచ్చిన కూతగాడు రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్‌లోని బిజనోర్ ప్రాంతానికి చెందినవాడు. అతడు అవతలి బరిలోకి దూకినప్పుడు విశాఖపట్నంలోనూ, హైదరాబాదులోనూ తెలుగువారు లేచి నిలబడి కేకలు వేశారు. తమవాడు కాడని ఎవరూ అనుకోలేదు.

ఆట దేశపు ఎల్లలనూ దాటింది. 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల్లో భారత పురుషుల జట్టు సెమీఫైనల్లో ఇరాన్ చేతిలో ఓడిపోయింది. మహిళల జట్టు ఫైనల్లో ఇరాన్ చేతిలోనే ఓడిపోయింది. ఇరాన్ మహిళలకు శిక్షణ ఇచ్చినది ఎవరు? మహారాష్ట్రలోని నాసిక్‌కు చెందిన శైలజా జైన్. గురువు వెంట ఆట కూడా వెళుతుందనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో భారత జట్లు రెండూ తిరిగి బంగారు పతకాలు సాధించాయి.

ఒక ఉపాధ్యాయుడు – ఒక నగరం

కబడ్డీ పేటను నమ్ముకొని పెరిగితే, హైదరాబాదులో ఫుట్‌బాల్ ఒక ఉపాధ్యాయుణ్ణి నమ్ముకొని పెరిగింది. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన బడిపంతులు. అందరూ ఆయనను 'రహీం సాబ్' అని పిలిచేవారు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు ఆయన శిక్షణ ఇచ్చాడు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పు గెలిచింది.

రహీం బోధించే తీరు తరగతి గదిలో మంచి ఉపాధ్యాయుడు బోధించే తీరు వంటిదే. బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకొని పరుగెత్తే అలవాటు మాన్పించడానికి, బంతిని అందుకొన్న వెంటనే తోటివాడికి అందించాలనే నియమంతో పోటీలు పెట్టాడు. కుడి కాలితో మాత్రమే ఆడగల పిల్లల కోసం ఎడమ కాలితోనే ఆడే పోటీలు పెట్టాడు. బలహీనమైన కాలు కూడా నేర్చుకొంటుందని ఆయన నమ్మకం.

ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2 గోల్స్‌తో ఓడించి, చివరకు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో పలువురు హైదరాబాదు వారే. వారిలో తులసీదాస్ బలరాం ఒకడు. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో ఒక తమిళ కుటుంబంలో పుట్టినవాడు. ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష మాట్లాడుతూ పెరిగిన ఆ బాలుడు మెల్‌బోర్న్‌లోనూ, రోమ్‌లోనూ దేశం తరఫున ఆడాడు.

జకార్తా విజయం నాటికే రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు. 1963 జూన్‌లో ఆయన కన్నుమూశాడు. ఆయన వెంటనే హైదరాబాదు ఫుట్‌బాల్ ఆగిపోలేదు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. తరువాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటి మేటి ఆటగాళ్లు కూడా వచ్చారు. కాని వారు పేరు తెచ్చుకొన్నది కలకత్తా మైదానాల్లో. ఫుట్‌బాల్‌ను ప్రాణంగా చూసుకొనే ప్రేక్షకులు, ఆటగాడికి బతుకుతెరువు చూపే క్లబ్బులు అక్కడ ఉన్నాయి. హైదరాబాదులో ఆ ఆదరువు సన్నగిల్లింది. పిల్లలు ఆడుకొనే ఖాళీ స్థలాల్లో ఇళ్లు లేచాయి. 2022 మార్చిలో హైదరాబాదు పేరు గల జట్టు ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు నగరంలో చాలామంది పిల్లలకు అది కొత్త సంగతిగా తోచింది. తమ తాతల కాలంలో భారత జట్టుకు తమ నగరమే ఆయువుపట్టని వారికి చెప్పినవారు తక్కువ.

హాకీ నిలిచిన రెండు చోట్లు

భారతదేశం 1928 నుండి 1956 వరకు వరుసగా ఆరు ఒలింపిక్స్‌లలో హాకీ బంగారు పతకాలు గెలిచింది. ఆ రోజుల్లో హాకీని పచ్చిక నేల మీద, గట్టి మట్టి నేల మీద ఆడేవారు. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారిగా కృత్రిమ పచ్చిక మీద పోటీలు జరిగాయి. భారత జట్టు ఏడో స్థానానికి పడిపోయింది. కృత్రిమ పచ్చిక పరచడానికి కోట్ల రూపాయలు కావాలి. బడులు, కళాశాలలు అంత ఖర్చు భరించలేవు. మట్టి మీద నేర్చిన ఆట పెద్ద పోటీల్లో సరిపోదు. ఆ విధంగా ఎన్నో పట్టణాల్లో హాకీ కర్రలు అటకెక్కాయి.

అయితే కొన్ని చోట్ల హాకీ చెక్కుచెదరలేదు. వాటిలో ఒకటి కర్ణాటకలోని కొడగు. అది కాఫీ తోటల కొండ సీమ. అక్కడివారికి సైన్యంలో చేరే సంప్రదాయం ఉంది. సైన్యంతో పాటు హాకీ కూడా వారి ఇళ్లకు వచ్చింది. 1972 ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టులోని ఎం.పి. గణేశ్, 1975లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులోని బి.పి. గోవింద, 1980లో మాస్కోలో బంగారు పతకం గెలిచిన జట్టులోని ఎం.ఎం. సోమయ్య కొడవలే. 1997లో పందండ కుట్టప్ప అనే పెద్దమనిషి కరడ గ్రామంలో ఒక కొత్త పోటీ ప్రారంభించాడు. ఊళ్లు కాదు, వంశాలు ఆ పోటీలో తలపడతాయి. ఒకే ఇంటిపేరు గల వారంతా ఒక జట్టు. తాత, మనుమడు, కోడలు, కూతురు ఒకే జట్టులో ఆడవచ్చు. తొలి ఏడు అరవై జట్లు పాల్గొన్నాయి. 2024లో ఆ సంఖ్య 360కి చేరింది. కృత్రిమ పచ్చిక లేకపోయినా కుటుంబ గౌరవం ఆ ఆటను కాపాడింది.

మరొకటి ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లా. బరంపురం, రాయగడ ప్రాంతాల పిల్లలకు అది తమ రాష్ట్రమే అయినా చాలా దూరం. జార్ఖండ్‌ను ఆనుకొని ఉన్న ఆ గిరిజన ప్రాంతంలో క్రైస్తవ మిషనరీలు నడిపిన బడుల ద్వారా హాకీ పరిచయమైంది. కొనే స్తోమత లేని పిల్లలు వెదురుతోనో, వంపు తిరిగిన కొమ్మతోనో కర్ర చేసుకొనేవారు. పల్లెల మధ్య జరిగే పోటీల్లో గెలిచిన జట్టుకు బహుమతి మేకపోతు. ఆ మాంసం ఊరంతా పంచుకొని పండుగ చేసుకొంటుంది. వెండి కప్పు బీరువాలో ఉంటుంది. మేకపోతు మాత్రం ఆ రాత్రికి ప్రతి ఇంటికీ చేరుతుంది. అందుకే అక్కడ గెలుపు ఊరందరిదీ అయింది.

1985లో రూర్కెలాకు చేర్చి ఉన్న పాన్‌పోష్‌లో ప్రభుత్వం క్రీడా వసతిగృహం ప్రారంభించింది. పల్లె పిల్లలకు అక్కడ తిండి, చదువు, శిక్షణ దొరికాయి. సౌనామరా గ్రామంలో పుట్టిన దిలీప్ తిర్కీ మూడు ఒలింపిక్స్‌లలో ఆడాడు, భారత జట్టుకు నాయకత్వం వహించాడు. 2022లో దేశ హాకీ సంస్థకు అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు. 2018 నుండి ఒడిశా ప్రభుత్వం భారత హాకీ జట్లకు ఆర్థికంగా అండగా నిలిచింది. 2023 జనవరిలో ప్రపంచ కప్పు పోటీలు భువనేశ్వర్‌తో పాటు రూర్కెలాలో కొత్తగా కట్టిన బిర్సా ముండా స్టేడియంలోనూ జరిగాయి. ఒకప్పుడు కొమ్మ కర్రతో ఆడినవారి పిల్లలు తమ జిల్లాలోనే ప్రపంచ జట్ల ఆటను చూశారు. టోక్యోలోనూ (2021), పారిస్‌లోనూ (2024) భారత పురుషుల జట్టు కాంస్య పతకాలు సాధించింది.

ఉన్ని బంతి, కొయ్య బ్యాటు

కొన్ని ఆటలు ఇలా కొత్త చోట్ల నిలదొక్కుకోగా, మరికొన్ని పుట్టిన సీమలోనే మరుగున పడుతున్నాయి. బాల్ బ్యాడ్మింటన్ అటువంటిది. తంజావూరు రాజకుటుంబం వారు దీనిని ఆడారని ప్రతీతి. జట్టుకు అయిదుగురు. బంతిని పసుపుపచ్చ ఉన్నితో చేస్తారు. ఈకల బంతి గాలికి కొట్టుకుపోతుంది కనుక దానికి నాలుగు గోడలు కావాలి. ఉన్ని బంతికి ఆ బెడద తక్కువ. అందుచేత ఆరుబయట, బడి ఆవరణలో వల కట్టి ఆడవచ్చు. తమిళనాడులోనూ, తెలుగు నేల మీదా దీనికి మంచి ఆదరణ ఉండేది. వరంగల్లులో స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్య ఈ ఆటలో 1970 సంవత్సరపు అర్జున పురస్కారం పొందాడు.

ఈ ఆటకు ఒలింపిక్స్‌లో చోటు లేదు. టెలివిజన్‌లో కనబడదు. ఈకల బంతితో ఆడే బ్యాడ్మింటన్‌కు హైదరాబాదులోనూ, ఇతర నగరాల్లోనూ శిక్షణ కేంద్రాలు వెలిసినకొద్దీ ఉన్ని బంతి వెనుకబడింది. అయినా దక్షిణాది బడుల్లో, కళాశాలల్లో అక్కడక్కడ దీనిని ఇప్పటికీ ఆడుతున్నారు.

ఇక క్రికెట్. ఒకప్పుడు అది బొంబాయి, మద్రాసు, బెంగుళూరు, హైదరాబాదు వంటి నగరాల ఆట. పల్లెల్లో దాని గురించి రేడియోలో వినేవారు. 1983 జూన్ 25న భారత జట్టు ప్రపంచ కప్పు గెలిచింది. సరిగ్గా ఆ దశాబ్దంలోనే టెలివిజన్ పట్టణాల నుండి పల్లెలకు వ్యాపించింది. ఇద్దరున్నా ఆడవచ్చు, ఇరవై మంది ఉన్నా ఆడవచ్చు. కొబ్బరి మట్ట బ్యాటు, మూడు పుల్లలు వికెట్లు. ఇంత సులువైన ఆట సందుల్లోకి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. రాంచీలో ఒక బడిలో ఫుట్‌బాల్ గోల్‌కీపరుగా ఆడుతున్న బాలుణ్ణి ఉపాధ్యాయుడు వికెట్ల వెనుక నిలబెట్టాడు. ఆ బాలుడే మహేంద్రసింగ్ ధోనీ. 2011లో అతని నాయకత్వంలో భారత జట్టు మళ్లీ ప్రపంచ కప్పు గెలిచింది.

క్రికెట్ పెరిగినందువల్లే తక్కిన ఆటలు తరిగిపోయాయని కొందరు నిందిస్తారు. అది కొంతవరకే నిజం. తక్కిన ఆటలకు నేల, నేర్పేవారు, ఆదరించేవారు తగ్గిన చోటనే క్రికెట్ సులభంగా చొరబడింది. ఆ మూడూ ఉన్న కొడగులో, సుందర్‌గఢ్‌లో క్రికెట్ వచ్చినా హాకీ పోలేదు.

ఆడపిల్లలు బరిలోకి దిగితే

ఆటల ఆదరణ మారిన తీరులో మరొక ముఖ్యమైన విషయం ఉంది. చాలా కాలం ఊరి మైదానం మగపిల్లలదిగానే ఉండిపోయింది. ఆడపిల్లలు తొక్కుడుబిళ్లతో, అచ్చనగాయలతో సరిపెట్టుకొన్నారు. జట్టుగా ఆడే అవకాశం వారికి బడిలోనే దొరికింది. ఖోఖో అందుకు ఎంతో తోడ్పడింది. పూణేలోని దక్కన్ జింఖానా వారు నియమాలు ఏర్పరచిన ఈ ఆటకు కావలసినవి రెండు స్తంభాలు, పరుగెత్తే కాళ్లు. 2025 జనవరిలో న్యూఢిల్లీలో తొలి ఖోఖో ప్రపంచ కప్పు జరిగినప్పుడు భారత పురుషులు, మహిళలు ఇద్దరూ విజేతలయ్యారు.

ఆసియా క్రీడల్లో పురుషుల కబడ్డీ 1990లోనే చేరినా, మహిళల కబడ్డీ 2010 వరకు వేచి ఉండవలసి వచ్చింది. చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టిన ఎతిమరపు రజని భారత మహిళా హాకీ జట్టుకు గోల్‌కీపరు అయింది. తెలుగు నేల మీద హాకీ మసకబారిన కాలంలో ఒక పల్లెటూరి బాలిక ఆ స్థాయికి చేరుకోవడం విశేషం. 2025 నవంబరులో నవీ ముంబయిలో క్రికెట్ ప్రపంచ కప్పును తొలిసారిగా గెలిచిన భారత మహిళా జట్టులో కడప జిల్లాకు చెందిన శ్రీచరణి ఉంది. జనాభాలో సగం మందికి మైదానం మూసి ఉంచి, ఫలానా ఆట మా ప్రాంతంలో లేదు అనడం న్యాయం కాదు.

నేల – గురువు – గౌరవం

ఈ ఆటలన్నిటినీ కలిపి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. ఆట ఎవరి రక్తంలోనూ పుట్టదు. దానికి మూడు ఆధారాలు కావాలి. మొదటిది నేల. మిల్లుపేటలు చెదిరి బొంబాయి కబడ్డీ, ఖాళీ స్థలాలు తరిగి హైదరాబాదు ఫుట్‌బాల్ బలహీనపడ్డాయి. రెండవది గురువు. రహీం ఉన్న చోట ఫుట్‌బాల్ వెలిగింది. నాసిక్ గురువు వెంట కబడ్డీ ఇరాన్ చేరింది. మూడవది గౌరవం. అది ఉద్యోగం కావచ్చు, వంశం పేరు కావచ్చు, ఊరంతా పంచుకొనే మేకపోతు కావచ్చు. ఆడినవాడికి తనవారి మధ్య విలువ దొరకాలి. ఈ మూడింటిలో ఒకటి కొరవడితే ఆట కొంతకాలం తట్టుకొంటుంది. రెండు కొరవడితే తరం మారేసరికి మాయమవుతుంది.

ఒక తరం పిల్లలు నేర్చుకోకపోతే చాలు, ఆట పోతుంది. దానికి శత్రువు ఎవరూ అక్కరలేదు. పెద్దలు చెప్పకపోవడం, పిన్నలు అడగకపోవడం చాలు. చెడుగుడులో పాత పట్లు తెలిసిన వృద్ధులు ఇప్పటికీ చాలా ఊళ్లలో ఉన్నారు. మోకాలి పట్టు ఎలా వేయాలో, ఊపిరిని ఎలా పొదుపు చేయాలో వారికి తెలుసు. అడిగితే సంతోషంగా చెబుతారు. అడిగేవారి కోసమే ఎదురు చూస్తుంటారు.

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో మాట్లాడే పిల్లలకు మైదానంలో ఒక వెసులుబాటు ఉంది. వారు చెడుగుడు అన్నా, సడుగుడు అన్నా, హుతుతు అన్నా గీతకు అవతల నిలబడినవాడికి అర్థమవుతుంది. పేరు ఏదైనా, ఆటను ఇద్దరూ కలిసే నిలబెట్టాలి. గీత గీయడానికి ఒక్కరి మడమ చాలు. ఆట ఆడడానికి మాత్రం అవతల మరొక జట్టు ఉండాలి.

అభ్యాసం

అర్థాలు

ఆదరణ = మన్నన, ఇష్టంతో చూడటం
ఆదరువు = ఆధారం, అండ
బరి = పోటీ జరిగే చోటు
పెట్టని కోట = సహజమైన రక్షణ
స్తోమత = శక్తి, ఆర్థిక బలం
ప్రతీతి = ప్రసిద్ధి, లోకంలో చెప్పుకొనే మాట
వెసులుబాటు = అనుకూలం, వీలు

ప్రశ్నలు

1. చెడుగుడుకు వివిధ ప్రాంతాల్లో ఉన్న పేర్లేమిటి?
2. బొంబాయి మిల్లుపేటల్లో కబడ్డీ ఎందుకు వృద్ధి పొందింది? ఎందుకు బలహీనపడింది?
3. రహీం ఎడమ కాలితో ఆడే పోటీలు ఎందుకు పెట్టాడు? ఈ పద్ధతిని చదువులో ఎలా ఉపయోగించుకోవచ్చు?
4. కొడగులో, సుందర్‌గఢ్‌లో హాకీ నిలవడానికి గల కారణాలను పోల్చి రాయండి.
5. 'క్రికెట్ వల్లే తక్కిన ఆటలు తరిగిపోయాయి' అనే వాదాన్ని ఈ పాఠం ఎంతవరకు అంగీకరించింది? మీ అభిప్రాయం ఏమిటి?

సొంత వాక్యాల్లో ప్రయోగించండి

వేళ్లూనుకొను, అటకెక్కు, చెక్కుచెదరక, ఆయువుపట్టు, మసకబారు

వ్యాకరణం

'పేటలయ్యాయి' అనే మాటను పేటలు + అయ్యాయి అని విడదీయవచ్చు. ఇది ఉత్వసంధి. కింది మాటలను విడదీసి సంధి పేరు రాయండి: కోటలయ్యాయి, విజేతలయ్యారు, తేడాలున్నాయి.

చేయండి

మీ ఊళ్లో అరవై ఏళ్లు దాటిన ఇద్దరిని కలిసి, వారు చిన్నతనంలో ఆడిన జట్టు ఆటల పేర్లు, నియమాలు అడిగి రాసుకోండి. వాటిలో ఒక ఆటను మీ తరగతిలోని బాలబాలికలు, పక్క బడి పిల్లలు కలిసి ఆడండి. ఆ ఆటకు మీ రాష్ట్ర భాషలో ఉన్న పేరు కూడా తెలుసుకోండి.